సిర్రోసిస్ ముదిరాక హెపటైటిస్ సి జీనోటైపు ఎంత ముఖ్యం?

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. మీ అమ్మగారికి 58 ఏళ్లు. హెపటైటిస్ సి ఉందని, లివర్ సిర్రోసిస్‌కు (మచ్చలు పడి గట్టిపడే దశకు) వచ్చిందని, కడుపులో నీరు చేరిందని తేలింది. చూసిన డాక్టరు వైరస్ ఏ శాఖకు చెందిందో చెప్పే జీనోటైపు పరీక్ష చేయించకుండానే సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ కలిసిన మాత్ర, దానితోపాటు రిబావిరిన్ రాశారు. మీకు అనుమానం వచ్చి బయట ల్యాబులో జీనోటైపు చేయిస్తే 3 అని వచ్చింది. ఆ రిపోర్టు చూసిన మీ బంధువు ఒకాయన "3 అయితే ఈ దశలో మందులు పనిచేయవు, నేరుగా లివర్ మార్పిడికి వెళ్లండి" అన్నారు. దాంతో పది రోజులుగా మందుల డబ్బా మూత కూడా తీయలేదు. జీనోటైపు చూడకుండా మందు రాయడం తప్పా, 3 అంటే అంత ప్రమాదమా, మార్పిడికి వెళ్లాలా అని అడిగారు.

ముందు జవాబు చెప్పి, కారణాలు తర్వాత చెబుతాను. ఆ డాక్టరు చేసింది తప్పు కాదు. జీనోటైపు 3 అని ముందే తెలిసి ఉన్నా మీ అమ్మగారికి రాయాల్సిన మందులు ఇవే. 3 అనేది పట్టించుకోవాల్సిన విషయమే, కానీ మందు ఆపుకోవడానికి అది కారణం కాదు. రిబావిరిన్‌ను తేలిగ్గా తీసుకోకూడదని చెప్పడానికి మాత్రం అది పెద్ద కారణం. రేపే అదే డాక్టరు దగ్గరికి వెళ్లండి. హిమోగ్లోబిన్, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ ఒకసారి మళ్లీ చూపించుకుని కోర్సు మొదలుపెట్టించండి. కడుపులో నీరు చేరిన మనిషికి పది రోజులు పోవడం చిన్న విషయం కాదు.

నేను హైదరాబాద్‌లో లివర్ డాక్టరుగా ఇంటర్‌ఫెరాన్ సూదుల రోజుల నుంచి ఈ జబ్బునే చూస్తున్నాను. మీ బంధువు చెడ్డ ఉద్దేశంతో చెప్పారని నేను అనుకోను. హెపటైటిస్ సి చికిత్స పదిహేనేళ్లలో పూర్తిగా మారిపోయింది. ఒక్కో కాలంలో నిజమైన మాట తర్వాతి కాలానికి వర్తించకుండా పోయింది. పాతవి, కొత్తవి కలిసిపోయి ఇళ్లలో తిరుగుతున్నాయి. ఆ చిక్కు విప్పితే మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

ముందు జీనోటైపు సంగతి. హెపటైటిస్ సి వైరస్‌ను 1989లో గుర్తించారు. దాని జన్యు పదార్థం ఆర్‌ఎన్‌ఏ, సుమారు 9,600 అక్షరాల పొడవు. తనను తాను కాపీ చేసుకునేటప్పుడు తప్పులు దిద్దుకునే ఏర్పాటు ఈ వైరస్‌కు లేదు. అందుకే శతాబ్దాలుగా వేర్వేరు ప్రాంతాల్లో తిరుగుతూ వేర్వేరు శాఖలుగా విడిపోయింది. ఇప్పటికి గుర్తించిన ప్రధాన శాఖలు, అంటే జీనోటైపులు, 8. ఒక శాఖకూ ఇంకో శాఖకూ ఆ అక్షరాల్లో దాదాపు 30 శాతం తేడా ఉంటుంది. దీనికి ఇప్పటిదాకా టీకా రాకపోవడానికి ఇన్ని రూపాలుండటం ఒక ముఖ్య కారణం. ఎనిమిదో శాఖను 2018లో ప్రకటించారు. కెనడాలో ఉంటున్న, మన పంజాబ్ మూలాలున్న రోగుల్లో అది దొరికింది.

ప్రపంచం మొత్తం మీద 1వ జీనోటైపు ఎక్కువ, తర్వాత 3. మన దేశంలో లెక్క తిరగబడుతుంది. ఉత్తరాదిలో 3 స్పష్టంగా ఎక్కువ. దక్షిణాదిలో, మన హైదరాబాద్‌తో సహా, 3తో పాటు 1 కూడా బాగానే కనిపిస్తుంది. 4, 6 అప్పుడప్పుడు తగులుతాయి. కాబట్టి మీ అమ్మగారికి 3 రావడంలో వింత ఏమీ లేదు. ఇక్కడ ఏ లివర్ డాక్టరుకైనా అది రోజూ కనిపించే రిపోర్టే.

ఇక ఆ నంబరుకు ఒకప్పుడు ఎందుకంత ప్రాధాన్యం ఉండేదో చెప్పాలి. 2014కి ముందు మా దగ్గర ఉన్నవి రెండే. వారానికోసారి ఇంటర్‌ఫెరాన్ సూది, రోజూ రిబావిరిన్ మాత్రలు. జీనోటైపు 1 అయితే 48 వారాలు వాడాలి, వాడినా సగం మందికి కూడా నయమయ్యేది కాదు. 2 లేదా 3 అయితే 24 వారాలు చాలు, నూటికి 70 నుంచి 80 మందికి వైరస్ పోయేది. అప్పట్లో 3 అని రిపోర్టు వస్తే మేం ఊపిరి పీల్చుకునేవాళ్లం, రోగికి శుభవార్తలా చెప్పేవాళ్లం. అంత ఖర్చు, అంత బాధ పడే కోర్సు ఎన్నాళ్లో తేల్చేది జీనోటైపే. అందుకే ఆ పరీక్ష లేకుండా ఎవరూ మొదలుపెట్టేవారు కాదు.

మరి కడుపులో నీరు చేరినవాళ్ల సంగతి? వాళ్లకు ఇంటర్‌ఫెరాన్ ఇవ్వడానికే వీల్లేదు. ఇస్తే ఇన్ఫెక్షన్లు వచ్చేవి, ప్లేట్‌లెట్లు పడిపోయేవి, ఉన్న కాస్త లివర్ కూడా చేతులెత్తేసేది. చికిత్స అందరికంటే ఎక్కువ అవసరమైనవాళ్లకే చికిత్స లేదని చెప్పాల్సి వచ్చేది. నీరు తీసి, మూత్రం మాత్రలు రాసి, మార్పిడికి స్తోమత ఉందా అని అడిగేవాళ్లం. మీ అమ్మగారి స్థితిలో ఉన్నవాళ్లకు జీనోటైపు ఏదైనా తేడా ఉండేది కాదు. "ఈ దశలో మందులు పనిచేయవు" అనే మాట పుట్టింది ఆ రోజుల్లో. అప్పటికి అది నిజం.

2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్బువిర్‌కు అనుమతి వచ్చింది. అక్కడ ఒక్కో మాత్ర ధర 1,000 డాలర్లు, 12 వారాల కోర్సు 84,000 డాలర్లు. ఆ వార్త చదివినప్పుడు మన రోగులకు ఇది అందుతుందని నేను అనుకోలేదు. ఏడాదిన్నర తిరక్కుండానే 2015లో మన హైదరాబాద్ కంపెనీలే, నాట్కో, హెటెరో, ఆ మందు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాయి. అమెరికా ధరలో చిన్న వంతుకే దొరికింది. తర్వాత డక్లాటాస్విర్, 2016లో వెల్పటాస్విర్ వచ్చాయి. సూది లేదు, రోజుకొక మాత్ర, 12 వారాలు. వెల్పటాస్విర్ అన్ని జీనోటైపుల మీదా పనిచేసేలా తయారైన మందు. జీనోటైపు పరీక్ష పాత సింహాసనం దిగింది అప్పుడే.

2018 జూలై 28న కేంద్రం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో పరీక్షలు, మందులు ఉచితం. మొదటిసారి మందు వాడేవాళ్లకు ఆ మార్గదర్శకాలు జీనోటైపుతో పని పెట్టుకోలేదు. ముందు చూడమన్నది లివర్ పరిస్థితిని. సిర్రోసిస్ లేకపోతే సోఫోస్బువిర్, డక్లాటాస్విర్ 12 వారాలు. సిర్రోసిస్ ఉండి, నీరు, కామెర్లు లాంటివి ఇంకా రాకపోతే సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ 12 వారాలు. నీరు చేరడం, కామెర్లు, రక్తపు వాంతులు, తికమక ఇవి మొదలైతే ఆ రెండింటికీ రిబావిరిన్ కలిపి 12 వారాలు. రిబావిరిన్ పడనివాళ్లకు అది లేకుండా 24 వారాలు. మీ డాక్టరు రాసింది అక్షరాలా ఈ పద్ధతే. కొన్ని వేలు పెట్టి చేయించే జీనోటైపు పరీక్ష కోసం, దాని రిపోర్టు కోసం ఆగకుండా చికిత్స మొదలవ్వాలన్నది దీని వెనుక ఉద్దేశం. నాకు ఇది చాలా సరైన నిర్ణయమనిపిస్తుంది. పెద్ద ల్యాబులు లేని జిల్లాల్లో కూడా చికిత్స మొదలవ్వడానికి ఇదే దారి వేసింది.

ఇప్పుడు మీ అమ్మగారి దశ లెక్కేద్దాం. మీరు రాసిన రిపోర్టు ప్రకారం కామెర్ల స్థాయి చూపే బిలిరుబిన్ 2.6, లివర్ తయారుచేసే ప్రోటీన్ అల్బుమిన్ 2.7, ఐఎన్‌ఆర్ 1.6 (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపేది), క్రియాటినిన్ 0.9. నీరు ఉంది, మాత్రలతో అదుపులో ఉంది. తికమకపడటం, పగలు నిద్ర, రాత్రి మెలకువ లాంటివి లేవన్నారు. వీటికి మేం చైల్డ్-ప్యూ అనే స్కోరు వేస్తాం. బిలిరుబిన్‌కు 2, అల్బుమిన్‌కు 3, ఐఎన్‌ఆర్‌కు 1, నీటికి 2, మెదడు బాగానే ఉంది కాబట్టి 1. మొత్తం 9. అంటే బి దశలో చివరి మెట్టు. 10 వస్తే సి. మార్పిడి అవసరాన్ని అంచనా వేసే మెల్డ్ స్కోరు లెక్కిస్తే 15 దగ్గర వస్తుంది. జీనోటైపు రిపోర్టు కంటే ఈ రెండు అంకెలను మీరు గుర్తుపెట్టుకోండి. ఏ మందు ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు, మార్పిడి ముందా మందు ముందా అన్నవి వీటి మీదే ఆధారపడతాయి.

ఏది ఇవ్వకూడదు అన్నాను కదా, అది కూడా చెబుతాను. హెపటైటిస్ సి మందుల్లో వైరస్ వాడుకునే ప్రోటీయేజ్ అనే ఎంజైమును అడ్డుకునేవి ఒక వర్గం. గ్లెకాప్రెవిర్, వోక్సిలాప్రెవిర్, గ్రాజోప్రెవిర్ ఆ కోవలోవి. లివర్ బాగున్నవాళ్లలో ఇవి మంచి మందులు. చైల్డ్ బి, సి దశల్లో మాత్రం లివర్ వాటిని తట్టుకోలేదు, అవి ఇంకా దెబ్బతీస్తాయి. ఇంటర్నెట్‌లో "జీనోటైపు 3కి ఫలానా కొత్త మందు" అని చదివి ఎవరైనా చెబితే దాని పేరు చివర "ప్రెవిర్" ఉందేమో చూసుకోండి. ఉంటే మీ అమ్మగారికి అది వద్దు.

ఇప్పుడు అసలు విషయం. ముదిరిన దశలో జీనోటైపు 3 నిజంగా ఎక్కడ ఇబ్బంది పెడుతుంది?

ఈ దశ రోగుల మీదే చేసిన ఒక పెద్ద పరిశోధన ఉంది, ఆస్ట్రల్-4, ఫలితాలు 2015లో వచ్చాయి. చైల్డ్ బి దశలో ఉన్న 267 మందిని మూడు గుంపులు చేశారు. సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ మాత్రమే 12 వారాలు తీసుకున్నవాళ్లలో 83 శాతం మందికి వైరస్ పోయింది. 24 వారాలు తీసుకున్నవాళ్లలో 86 శాతం. రిబావిరిన్ కలిపి 12 వారాలు తీసుకున్నవాళ్లలో 94 శాతం. ఇది అన్ని జీనోటైపులూ కలిపిన లెక్క. జీనోటైపు 3 వాళ్లను విడిగా తీస్తే, రిబావిరిన్ లేకుండా 12 వారాలకు 50 శాతం, 24 వారాలకు కూడా 50 శాతమే. రిబావిరిన్ కలిపితే 85 శాతం. ఆ గుంపుల్లో 3 ఉన్నవాళ్లు తక్కువమందే, ఒక్కో గుంపులో పది పద్నాలుగు మంది. కాబట్టి అంకెలను మరీ గట్టిగా పట్టుకోకూడదు. కానీ అవి చూపించే దిశ స్పష్టంగా ఉంది. మీ బంధువు విన్నది ఆ 50 శాతం గురించి అయి ఉండొచ్చు. పక్కనున్న 85 ఆయన దాకా వచ్చి ఉండదు.

అందుకే మీ డాక్టరు రాసిన చిన్న మాత్రను, రిబావిరిన్‌ను, "ఇది పాత మందు కదా, నీరసం వస్తుందట కదా" అని ఎవరి మాటా విని మానొద్దు. ఒంటరిగా ఇస్తే అది వైరస్‌ను పోగొట్టలేదు. మిగతా రెండింటికీ తోడుగా ఉంటే, వాటికి లొంగకుండా తప్పించుకునే వైరస్ తిరిగి తలెత్తకుండా చూస్తుంది. జీనోటైపు 3లో ఎన్‌ఎస్5ఏ అనే ప్రోటీన్‌లో ఒక మార్పు ఉంటే వెల్పటాస్విర్, డక్లాటాస్విర్ లాంటి మందులు సరిగా పట్టవు. సిర్రోసిస్‌లో లివర్ నిండా మచ్చలు ఉంటాయి, రక్తం పక్కదారుల్లో పోతుంది, వ్యాధినిరోధక శక్తి తగ్గి ఉంటుంది. ఈ రెండూ కలిసినచోటే 3 మొండికేస్తుంది. లివర్ బాగున్నవాళ్లలో అదే 3 సోఫోస్బువిర్, వెల్పటాస్విర్‌కు సులువుగా లొంగిపోతుంది.

మీ పెదనాన్నగారికి సోఫోస్బువిర్, డక్లాటాస్విర్‌తో నయమైందని, ఆయన దగ్గర ఒక డబ్బా మిగిలిందని రాశారు. దయచేసి అది వాడొద్దు. డక్లాటాస్విర్ జోడీని జీనోటైపు 3 మీద 12 వారాలు వాడి చూసిన పరిశోధనలో సిర్రోసిస్ లేనివాళ్లకు 96 శాతం నయమైతే, సిర్రోసిస్ ఉన్నవాళ్లకు 63 శాతమే. ఆయన లివర్ వేరు, ఈవిడ లివర్ వేరు. ఒకసారి కోర్సు విఫలమైతే వైరస్ ఆ వర్గం మందులకు అలవాటు పడుతుంది. తర్వాత వాడదామంటే మిగిలేవి ఎక్కువగా ఆ "ప్రెవిర్" మందులే, అవి ఈవిడకు పనికిరావు. మీ అమ్మగారికి మొదటి అవకాశమే అన్నింటికంటే మంచి అవకాశం.

జీనోటైపు 3కి ఇంకో స్వభావం ఉంది. అది లివర్ కణాల్లో నేరుగా కొవ్వు పేరుకునేలా చేస్తుంది. మనిషి సన్నగా ఉన్నా, షుగర్ లేకపోయినా సరే. కొవ్వును లివర్ నుంచి బయటకు పంపే దారిని ఈ వైరస్ ప్రోటీన్లు అడ్డుకుంటాయి. మచ్చలు పడటం కూడా మిగతా జీనోటైపుల కంటే వేగంగా జరుగుతుందని, లివర్ క్యాన్సర్ ముప్పు కాస్త ఎక్కువని చాలా పరిశోధనలు చూపించాయి. మీ అమ్మగారు చుక్క మందు ముట్టని మనిషి, ఇంత త్వరగా లివర్ ఎలా పాడైందని చుట్టాలు గుచ్చి గుచ్చి అడుగుతున్నారని రాశారు. ఇదే జవాబు, వాళ్లకు ఇదే చెప్పండి. సిర్రోసిస్ అనగానే తాగుడు అనుకోవడం మన దగ్గర ఆడవాళ్లను చాలా బాధపెడుతోంది. ఆ భయంతో రిపోర్టులు బీరువాలో దాచేసి ఆలస్యంగా వచ్చినవాళ్లను నేను చూశాను.

మార్పిడి గురించి. మెల్డ్ 18, 20 దాటి, అవయవం త్వరలో దొరికే అవకాశం ఉంటే ముందు మార్పిడి, తర్వాత మందు అన్నది సాధారణ పద్ధతి. కారణం ఏమిటంటే అంత ముదిరినవాళ్లలో వైరస్ పోయినా లివర్ తేరుకోకపోవచ్చు. స్కోరు కాస్త తగ్గి మార్పిడి వరసలో వెనక్కి పోతారు, మనిషి మాత్రం మంచం మీదే ఉండిపోతారు. ఆ స్థితి చాలా బాధాకరం. మార్పిడి తర్వాత మందు ఇస్తే కొత్త లివర్‌లోకి వచ్చిన వైరస్‌ను కూడా పోగొట్టొచ్చు. మీ అమ్మగారు ఆ గీతకు ఇవతలే ఉన్నారు. 15 స్కోరుతో, మెదడు, కిడ్నీలు బాగున్న మనిషికి ముందు మందు ఇవ్వడమే సరైనది. ఇలాంటివాళ్లలో చాలామందికి కొన్ని నెలల్లో అల్బుమిన్ పెరిగి, నీరు తగ్గి, మార్పిడి అవసరం వెనక్కి జరుగుతుంది. అందరికీ జరగదు. కాబట్టి కోర్సు నడుస్తుండగానే ఒకసారి మార్పిడి టీమ్‌తో మాట్లాడి ఉంచుకోండి. నిమ్స్, ఉస్మానియా లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఆ విభాగాలు ఉన్నాయి, అవయవదానాన్ని చూసే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో నమోదు ఎలాగో వాళ్లు చెబుతారు. అవసరం రాకపోతే మంచిదే.

ఇక కోర్సు మొదలయ్యాక మీ చేతుల్లో ఉన్న పనులు. నా అనుభవంలో మందు చెడగొట్టేది చాలాసార్లు వైరస్ కాదు, పొద్దున్నే పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర. వెల్పటాస్విర్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం కావాలి. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి ఆ ఆమ్లాన్ని తగ్గించేస్తాయి. సిర్రోసిస్ రోగుల చీటీల్లో పాంటాప్రజోల్ అలవాటుగా ఉంటుంది, చాలాసార్లు అవసరం లేకుండానే. మీ డాక్టరును అడిగి, ఆపొచ్చంటే ఈ 12 వారాలు ఆపండి. తప్పదంటే ఏది ఎప్పుడు వేసుకోవాలో గంటలతో సహా రాయించుకోండి. గుండె లయ కోసం అమియోడరోన్, ఫిట్స్‌కు ఫెనిటాయిన్, కార్బమజెపిన్, టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే మొదటి మాత్రకు ముందే చెప్పాలి. అమియోడరోన్‌తో సోఫోస్బువిర్ కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు.

హెపటైటిస్ బి పరీక్ష చేయించారో లేదో మీరు రాయలేదు. చేయించకపోతే మొదలుపెట్టే ముందే చేయించండి. సి వైరస్ పోతుండగా, నిద్రపోతున్న బి వైరస్ లేచి లివర్‌ను దెబ్బతీసిన సందర్భాలున్నాయి. బి ఉందని తెలిస్తే దానికి వేరే మాత్ర తోడు చేస్తారు, అంతే.

రిబావిరిన్ ఎర్ర రక్తకణాలను కొంత విరగ్గొడుతుంది. ఈ దశలో మేం సాధారణంగా రోజుకు 600 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, తట్టుకుంటే పెంచుతాం. రెండో వారం, నాలుగో వారం హిమోగ్లోబిన్ చూడాలి. 10 కిందకి పడితే మోతాదు తగ్గిస్తాం. డాక్టరు తగ్గించాలి, ఇంట్లో మీరు కాదు. కణాలు విరగడం వల్ల బిలిరుబిన్ కూడా కొంచెం పెరిగినట్టు కనిపిస్తుంది. "మందు వేస్తే కామెర్లు పెరిగాయి" అని కంగారుపడి కోర్సు ఆపేసి, కామెర్లకు పసరు మందు పోయించడానికి తీసుకెళ్లే కుటుంబాలు ఉన్నాయి. ఈ లివర్ మీద పసరు పోయించడం అంటే ప్రాణంతో ఆడుకోవడమే. ఐఎన్‌ఆర్ పెరిగిందా, ఏ రకం బిలిరుబిన్ పెరిగింది, ఇవి చూసి డాక్టరు చెబుతారు, అప్పటిదాకా మందు ఆపొద్దు. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా వద్దు, నీరు ఉన్నవాళ్లకు అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. నొప్పికి పారాసిటమాల్ రోజుకు 2 గ్రాములు దాటకుండా వాడొచ్చు.

తిండి విషయంలో మన ఇళ్లలో జరిగే అన్యాయం ఒకటుంది. లివర్ జబ్బు అనగానే పప్పు, గుడ్డు, చికెన్ ఆపేసి మజ్జిగన్నం, ఇడ్లీ మీద పెడతారు. ఆవకాయ మాత్రం నోరు చప్పబడిందని వేస్తారు. చేయాల్సింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఉప్పు తగ్గాలి, కాబట్టి పచ్చళ్లు, అప్పడాలు ఆపాలి. మాంసకృత్తులు తగ్గకూడదు. బరువులో కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా కావాలి. రాత్రి పడుకునే ముందు ఏదో ఒకటి తినాలి. సిర్రోసిస్ ఉన్నవాళ్లు రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే శరీరం తన కండనే తినేస్తుంది.

వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, 22 లక్షలు ఉందని పెద్ద అక్షరాల్లో రాశారు. ఆ అంకెకూ లివర్ ఎంత పాడైందన్నదానికీ సంబంధం లేదు. బాగా ముదిరినవాళ్లలో లోడ్ తక్కువ ఉండొచ్చు, ఏ ఇబ్బందీ లేనివాళ్లలో కోటి ఉండొచ్చు. మాకు కావాల్సిన సమాధానం ఒకటే, కోర్సు అయిపోయిన 12 వారాల తర్వాత వైరస్ కనిపిస్తుందా లేదా. అప్పుడు కనిపించకపోతే నయమైనట్టు. మామూలు యాంటీబాడీ పరీక్ష మాత్రం జీవితాంతం పాజిటివ్‌గానే వస్తుంది. ఏ ఆపరేషన్‌కు వెళ్లినా ఆ పాజిటివ్ చూసి భయపెడతారు, అందుకే చివరి ఆర్‌ఎన్‌ఏ రిపోర్టును ఆస్తి కాగితంలా దాచుకోండి. ఈ జీనోటైపు రిపోర్టును కూడా దాని పక్కనే పెట్టండి. ఒకవేళ తర్వాత ఎప్పుడైనా వైరస్ మళ్లీ కనిపిస్తే, పాతదే తిరిగి లేచిందా, కొత్తగా అంటుకుందా అని చెప్పడానికి అదే ఆధారం. అప్పుడు 1 అని వస్తే కొత్తది. మీరు పెట్టిన డబ్బు దండగ కాలేదు.

వైరస్ పోయాక చాలామంది ఆసుపత్రి ముఖం చూడరు. చెదను చంపినంత మాత్రాన అది తిన్న దూలం కొత్తదైపోదు. సిర్రోసిస్ మచ్చలు ఉన్నంతకాలం క్యాన్సర్ ముప్పు తగ్గుతుందే తప్ప పోదు. జీనోటైపు 3 వాళ్లలో ఇంకాస్త జాగ్రత్త అవసరం. ఆరు నెలలకోసారి కడుపు అల్ట్రాసౌండ్, దానితో ఏఎఫ్‌పీ రక్తపరీక్ష, జీవితాంతం. దసరాకు ఒకటి, ఉగాదికి ఒకటి అని పెట్టుకోమని నేను మా రోగులకు చెబుతాను, అలా అయితే మర్చిపోరు. చిన్నగా ఉన్నప్పుడు దొరికిన గడ్డకు పూర్తి చికిత్స ఉంది. అన్నవాహికలో నరాలు ఉబ్బాయని ఎండోస్కోపీలో వచ్చింది కాబట్టి, దానికిచ్చిన మాత్రను కూడా వైరస్ పోయిందని సొంతంగా ఆపొద్దు.

చివరిగా, ఇది ఎలా వచ్చిందని, ఇంట్లో మాకు అంటుతుందా అని అడిగారు. 1992లో మీరు పుట్టినప్పుడు కాన్పు కష్టమై అమ్మగారికి రెండు సీసాల రక్తం ఎక్కించారని రాశారు. అప్పుడు మన దేశంలో దాతల రక్తానికి హెపటైటిస్ సి పరీక్ష లేదు, 2000 తర్వాతి తొలి ఏళ్లలోగానీ అది తప్పనిసరి కాలేదు. చాలావరకు అదే దారి అయి ఉంటుంది. లేదా మరిగించీ మరిగించని గాజు సిరంజితో ఊళ్లో వేయించుకున్న సూదులు. ఈజిప్టులో బిల్హార్జియా జబ్బుకు ప్రభుత్వమే దశాబ్దాల పాటు ఒకే సిరంజీలతో సూదులు వేయించి 4వ జీనోటైపును దేశమంతా పాకించింది. సూది ఎంత పని చేస్తుందో దాన్ని బట్టి అర్థం చేసుకోండి. ఇందులో మీ అమ్మగారి తప్పు ఏమీ లేదు. కలిసి తినడం, ముట్టుకోవడం, ఒకే గ్లాసు వాడటం వల్ల ఇది అంటదు. గిన్నెలు వేరు చేసి ఉంటే ఈ రాత్రికే కలిపేయండి. బ్లేడ్లు, షేవింగ్ రేజర్లు, టూత్‌బ్రష్‌లు, గోళ్లు కత్తిరించేవి మాత్రం విడిగా ఉండాలి.

నాన్నగారికి, మీకు, మీ చెల్లెలికి ఒక్కసారి యాంటీబాడీ పరీక్ష చేయించండి. రక్తం ఎక్కించింది మీరు పుట్టే సమయంలో కాబట్టి మీకు ముప్పు తక్కువ. చెల్లెలు ఆ తర్వాత పుట్టింది. తల్లి నుంచి బిడ్డకు నూటికి ఐదారుగురికి వస్తుంది, కాబట్టి ఆ అమ్మాయి పరీక్షను ఈ వారమే పెట్టుకోండి. వచ్చే మాఘంలో పెళ్లి అన్నారు. యాంటీబాడీ పాజిటివ్ వచ్చినా కంగారుపడొద్దు, అప్పుడు ఆర్‌ఎన్‌ఏ చేయించాలి. వైరస్ నిజంగా ఉంటే, ఈ మందులను గర్భంతో ఉన్నప్పుడు మామూలుగా ఇవ్వం కాబట్టి, పిల్లల ఆలోచన రాకముందే 12 వారాల కోర్సు పూర్తయిపోవాలి. ఆ వయసులో, లివర్ బాగుంటే, రిబావిరిన్ కూడా అక్కర్లేదు, ప్రభుత్వ కేంద్రంలో ఆ మాత్రలు ఉచితంగానే ఇస్తారు.